బోర్డు మీద స్వపరీక్ష

మా ఓనర్‌కు మందుల గురించి తెలిసింది తక్కువ, మనుషుల గురించి తెలుసనుకునేది ఎక్కువ. భద్రాచలంలో ఆ మెడికల్ షాపు ఆయనదే అయినా, దాని లైసెన్సు నడుస్తున్నది నా ఫార్మసీ సర్టిఫికెట్ మీద. గోడకు నా సర్టిఫికెట్ వేలాడుతుంటే, దాని కింద కుర్చీలో ఆయన కాళ్లూపుతూ కూర్చుంటాడు. చర్ల వైపు నుంచి బస్సులో పడి ఒళ్లు హూనమై వచ్చిన ముసలివాళ్లకు డాక్టరు చీటీ లేకుండానే నాలుగు రంగుల గోళీలు పొట్లం కట్టి ఇస్తాడు. ఇదేంటండీ అంటే, "పాపం, గంత దూరం నుంచి వచ్చిన్రు" అంటాడు. అదే ఓ పడుచుపిల్ల కౌంటర్ ముందుకు వస్తే ఆ పాపం ఎటు పోతుందో! ప్యాడ్లు అడిగినా, కడుపో కాదో చూసుకునే కిట్ అడిగినా, ముందు ఆయన చూపు ఆ పిల్ల మెడలోకి, తర్వాత కాలివేళ్ల మీదికి పోతుంది. తాళి ఉందా, మెట్టెలున్నాయా? ఆ తనిఖీ అయ్యాకే నోరు తెరిచి, "ఎవరికి?" అంటాడు.

పైగా మా చర్చి సంఘంలో ఈయన పెద్ద. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని, కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య నడుస్తుంటే అందరూ "వందనాలండీ, వందనాలు" అని చేతులు జోడిస్తారు. నేను జోడించను. వారమంతా కౌంటర్ వెనక చూసిన మనిషికి ఆదివారం దండం పెట్టడం నా వల్ల కాదు. మాది తల్లాడ. నా నోట్లో ఉన్నది నాలుక కాదు, మా చేలో ఎండుమిరపకాయ అని మా అమ్మ అనేది. ఉంటే ఉండనీ.

కిందటేడు ఒక సంస్థ వాళ్లు మందుల షాపుల వాళ్లను ఖమ్మం పిలిచి, ఒక హోటల్లో ఏసీ హాల్లో కూర్చోబెట్టారు. వయసులో ఉన్న ఆడపిల్లలు హెచ్.ఐ.వి. పరీక్షకు సర్కారు దవాఖానాకు రావడం లేదట. వస్తే ఎవరో ఒకరు చూస్తారని భయం. అందుకని దగ్గరలో ఉన్న మందుల షాపులోనే కిట్ దొరికేలా చేస్తే, కొనుక్కుపోయి ఇంట్లో ఎవరికి వాళ్లే చేసుకుంటారట. సూది కూడా అక్కర్లేదు. చిగుళ్ల మీద పుల్లతో ఒకసారి రుద్ది, చిన్న సీసాలో నీళ్లలాంటి మందులో ముంచి, కాసేపు ఆగి చూడాలి. ఒక గీత వస్తే లేనట్టు. రెండు వస్తే దవాఖానాకు వెళ్లి రక్తపరీక్షతో ఖాయం చేసుకోవాలి. అక్కడ మందులు ఊరికే ఇస్తారు, వాడుకుంటే నూరేళ్లు బతకొచ్చు. ఆలోచనలో వంకేమీ లేదు. ఆ ఆలోచన చేసినవాళ్లు మా ఓనర్‌ను చూడకపోవడమే వంక.

సూటు వేసుకున్న కుర్రాడొకడు పొద్దుటి నుంచి 'యాక్సెస్, యాక్సెస్' అని ఊదరగొట్టాడు. షాపుల వాళ్లు భోజనాలు పెట్టారా లేదా అని వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. మా ఓనరైతే భోజనం కాగానే చుట్టాలింటికని జారుకున్నాడు. నేను చెయ్యెత్తి, "ఇంట్లో ఎవరికి వాళ్లే చేసుకోవాలంటున్నారు, ఇల్లంటే ఒక్కటే గది అయినవాళ్లు ఎక్కడ చేసుకోవాలండీ?" అని అడిగాను. మంచి ప్రశ్న అన్నాడు ఆ కుర్రాడు. అని, తెర మీద తర్వాతి బొమ్మకు వెళ్లిపోయాడు. జవాబు తెలియనివాళ్లందరికీ ప్రతి ప్రశ్నా మంచి ప్రశ్నే.

కిట్లు వచ్చాయి. ఓనర్ వాటిని లోపల స్టాకు గదిలో, అమ్ముడుపోని టానిక్కుల వెనక పెట్టించాడు. మొదట అడిగిన అమ్మాయి చర్ల అవతలి ఊరి పిల్ల. వాళ్ల ఊరి హెల్త్ వర్కర్ చెప్పిందట. ఇక్కడైతే తనను ఎవరూ గుర్తుపట్టరని, ఆ గుంతల రోడ్డు మీద అంత దూరం వచ్చింది. నేను లోపల సరుకు సర్దుతున్నాను. కిట్ అన్న మాట వినబడి బయటికి వచ్చేలోపే ఈయన మొదలుపెట్టేశాడు.

"ఎవరికమ్మా? నీకా? పెండ్లయిందా? మీ ఆయన్ను పంపరాదు!"

కౌంటర్ దగ్గర జ్వరం మందుకు నిలబడ్డవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. ఆ పిల్ల కొంగు నోటికడ్డం పెట్టుకుని, తలనొప్పి గోళీ ఒకటి అడిగి, అది కూడా తీసుకోకుండానే వెళ్లిపోయింది. నేను కిట్ పట్టుకుని బస్టాండు దాకా పరుగెత్తాను. బస్సు వెళ్లిపోయింది. తిరిగొచ్చి ఆయన మొహం చూస్తే కడిగేయాలనిపించింది. "ఆడపిల్లలకు భయముండాలె" అన్నాడు, చాయ్ ఊదుకుంటూ.

ఇక ఈ షాపులో కిట్లు మూలన పడి ఉండాల్సిందే అనుకున్నాను. అప్పుడే పోస్టర్లు వచ్చాయి. తెలుగు ఆడపిల్లల కోసం వేసిన పోస్టరు కదా, ఆ మహానుభావులు అసలు సంగతంతా అడుగున ఇంగ్లిష్‌లో, చీమతలకాయంత అక్షరాల్లో వేశారు. తెలుగులో ఉన్నది పైన పెద్ద వాక్యం ఒక్కటే: 'మిమ్మల్ని మీరే పరీక్షించుకోండి.' దాని కింద ఒక అమ్మాయి తల వంచుకుని అరచేతిలోకి చూస్తూ ఉంటుంది. అరచేతిలో తెల్లగా చిన్న ముక్క.

అవి శ్రమల దినాలు. ఈస్టర్‌కు ముందు మా చర్చిలో ఆ నలభై రోజులూ స్వపరీక్ష గురించే ప్రసంగాలు. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారమైతే, బల్ల దగ్గరికి వచ్చేముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి అని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, తప్పకుండా అంటారు. పోస్టర్ తెచ్చిచ్చిన సంస్థ అమ్మాయి నమస్తే బదులు "వందనాలండీ" అంది. అంతే, మా ఓనర్ బుర్రలో దీపం వెలిగింది. పోస్టర్ను చేయి చాపి పట్టుకుని చూశాడు. ఆయన లెక్కలో తల వంచిన అమ్మాయి ప్రార్థనలో ఉంది, చేతిలో ఉన్నది బల్ల మీది రొట్టెముక్క.

"ఎంత భక్తిగుందో చూడు బొమ్మ! శ్రమల దినాలకు మన చర్చి బోర్డుకు సరిపోతది" అన్నాడు.

అది కిట్ బొమ్మండీ అని చెప్పబోయి ఆగాను. ఎందుకు చెప్పాలి? ఆయన కత్తెర తీసుకుని అడుగున ఇంగ్లిష్ ముక్కనంతా కత్తిరించేశాడు. దేవుని మందిరంలో కంపెనీ ప్రకటనలేంటట! అలా హెచ్.ఐ.వి. అన్న అక్షరాలు చెత్తబుట్టలోకి, ఆ అమ్మాయి బొమ్మ చర్చి గుమ్మం పక్కన బోర్డు మీదికి వెళ్లాయి. ఆదివారం అయ్యగారు దాన్ని చూపించి మరీ ప్రసంగం చేశారు. మొదటి వరసలో కూర్చున్న ఓనర్ మొహం పెళ్లికొడుకు తండ్రిలా వెలిగిపోయింది. నేను నవ్వాపుకోలేక పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆరాధన అయ్యాక, గుమ్మం దగ్గర పాటల బృందంలోని ఒక టీచరమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెబుతుంది. తండ్రి లేడు, తల్లి హాస్టల్లో వంటచేస్తుంది. మా ఓనర్ కొడుక్కే ఆ అమ్మాయిని అనుకున్నారు. ఈస్టర్ అయ్యాక ప్రధానం, అంటే నిశ్చితార్థం.

"అక్కా, ఆ బొమ్మల పిల్ల చేతిల ఉన్నది రొట్టె కాదు కదా?" అంది మెల్లగా.

"కాదు" అన్నాను. ఏంటో చెప్పాను. ఆమె మళ్లీ బోర్డు వైపు తిరిగి చూసింది.

ఆ సంగతి ఆ అమ్మాయి ఎవరికి చెప్పిందో, వాళ్లు ఎవరికి చెప్పారో గానీ, ఆ వారం నుంచి ఆడపిల్లలు షాపుకు రావడం మొదలైంది. కాలేజీ పిల్లలు, బట్టల షాపులో పనిచేసేవాళ్లు, మొగుడు బోరుబండి మీద నెలలు నెలలు పోయే చిన్న కోడళ్లు. మా చర్చివాళ్లే కాదు, బొట్టు పెట్టుకున్నవాళ్లూ వచ్చారు. అందరిదీ ఒకటే మాట: "అక్కా, బోర్డు మీదిది ఒకటి." నేను లోపలికి వెళ్లి కిట్ కవర్లో వేసి తెచ్చి, ఎలా చేసుకోవాలో ఫ్రిజ్ పక్కకు పిలిచి చెప్పేదాన్ని.

"ఏంది అది, బోర్డు మీదిది?" అని ఒకరోజు ఓనర్ అడిగాడు.

"స్వపరీక్ష పుస్తకాలండీ. శ్రమల దినాలకని నా దగ్గర ఉంచారు" అన్నాను, కళ్లార్పకుండా.

"చూసినవా, నేను పెట్టిన బోర్డుతోటి యూత్‌ల ఎంత భక్తి పెరిగిందో!" అని అయ్యగారికి ఫోన్ చేసి చెప్పుకున్నాడు. మనిషికి మంచిపేరు ఎంత చవగ్గా వస్తుందో చూడండి.

ఒక మధ్యాహ్నం ఓనర్ భోజనానికి వెళ్లినప్పుడు టీచరమ్మాయి వచ్చింది. వాళ్ల ఇల్లు ఒకటే గది, తల్లి ఎప్పుడూ పక్కనే. అందుకని స్టాకు గదిలో అట్టపెట్టెల మధ్య స్టూలు వేశాను. ఎందుకు చేసుకుంటున్నావని నేను అడగలేదు. ఆమే చెప్పింది. పెళ్లి ఖాయమైందన్న ధైర్యంతో అతనితో ఒకసారి కొత్తగూడెంలో లాడ్జికి వెళ్లింది. పర్ణశాల చూసొస్తామని ఇంట్లో చెప్పారట. ఆ తర్వాత అతను, ఈమెకంటే ముందు ఎక్కడెక్కడ తిరిగాడో, ఎవరెవరి దగ్గరికి వెళ్లాడో, తన ఇసుక లారీల స్నేహితుల కథలతో కలిపి వినిపించాడట.

"తప్పు చేసినట్టు చెప్పలేదక్కా. గొప్పగ చెప్పిండు. గప్పటి సంది నాకు అన్నం సయిస్తలేదు."

పుల్ల సీసాలో నిలబడి ఉన్నంతసేపూ ఆమె గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఆమె పెళ్లి, తల్లి ఆశలు, ఆమె బతుకు అన్నీ ఆ పుల్ల మీదే ఉన్నాయి. ఒక గీత వచ్చింది. పక్కన రెండోది రాలేదు. నేను దేవునికి స్తోత్రం అని పైకే అన్నాను.

"అంటే ఆయనకు గూడ లేనట్టేనా?" అంది.

"కాదు తల్లీ. నీకు లేదంటే నీకు లేదనే. అతని సంగతి అతను చేసుకుంటేనే తెలుస్తుంది. నువ్వు కూడా మూడు నెలలయ్యాక ఇంకోసారి చూసుకోవాలి. కొత్తగా అంటితే వెంటనే కనబడదు."

"అట్లయితే నాకేమొచ్చిందో ఆయనకు చెప్పనక్కా. లేదని చెప్తే, ఇద్దరికీ లేదని దులుపుకుంటడు. ఆయన చేసుకున్నంకనే నాది చెప్త. మీరు గూడ ఎవరికీ చెప్పొద్దు" అంది. మాటిచ్చాను.

అతన్ని అడిగిందట. నేను చేసుకున్నాను, పెళ్లికి ముందు నువ్వూ చేసుకో అని. ఆ వీరుడు తిన్నగా నాన్న దగ్గరికి పరుగెత్తాడు. మర్నాడు పొద్దున్నే ఓనర్ షాపులోకి వచ్చి, స్టాకు గదిలో మిగిలిన కిట్లు చూసి, స్వపరీక్ష పుస్తకాలంటే ఏంటో అర్థం చేసుకుని, టానిక్ సీసా ఒకటి నేలకేసి కొట్టాడు. "తప్పు చేయని పిల్లకు పరీక్షెందుకు?" అని కేకలు. రోజూ పొద్దున్నే వేలు గుచ్చుకుని షుగర్ చూసుకుంటాడే, ఈయన ఏం తప్పు చేశాడట?

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారి గదిలో కమిటీ కూర్చుంది. అందరూ మగవాళ్లే. టీచరమ్మాయిని, వాళ్లమ్మను, నన్ను పిలిచారు. ఓనర్ కొడుకు తలుపు దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. అయ్యగారు చాలా పొడుగ్గా ప్రార్థన చేశారు. న్యాయం చెప్పే ధైర్యం ఎంత తక్కువైతే ప్రార్థన అంత పొడుగవుతుందని నా అనుభవం.

ఆమెన్ అన్నారో లేదో, ఓనర్ బల్ల గుద్దాడు. "ముందుగాల ఇది తేల్చున్రి. దేవుని మందిరంల గా పాడు బొమ్మ పెట్టింది ఎవరు?"

అయ్యగారు గొంతు సవరించుకుని, "మీరే కదండీ పెద్దాయనా" అన్నారు. నేను నవ్వాను. అవును, నవ్వాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడితే నవ్వు రాదా?

ఆయన మొహం ఎర్రబడింది. "సరే, అది పక్కన పెట్టున్రి. మా ఇంటికి కోడలిగ వచ్చే పిల్ల. పరీక్ష చేసుకున్నదంట. ఏమొచ్చిందో మాకు తెల్వాలె."

"మీ అబ్బాయి గూడ చేసుకోనీయండి. ఇద్దరియీ ఒక్కసారే చెప్పుకుంటం" అంది ఆ అమ్మాయి.

"మగపిల్లగానికి ఏందమ్మా గా అవసరం?" అన్నాడు కమిటీలో ఇంకో పెద్దమనిషి.

"ఆడవాళ్లకు ఈ రోగం గాల్లోంచి వస్తదా అండీ?" అన్నాను. నన్ను మాట్లాడొద్దన్నారు. ఆ తర్వాత వాళ్లకు నా అవసరమే పడింది. పరీక్ష నా ముందే జరిగిందని ఓనర్ కొడుకుతో ఆమే చెప్పిందట.

"నువ్వు చెప్పు. ఏమొచ్చింది?" అన్నాడు ఓనర్.

అమ్మాయి తల్లి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "చెప్పు బిడ్డా. నా పిల్లకు ఏం లేదని చెప్పు. గా ఒక్కమాట చెప్తే అయిపాయె." ఆమె అరచేతులు వంటపొయ్యి దగ్గర కాలి గరుకుగా ఉన్నాయి. ఆ మాట నా నాలుక చివర ఉంది. లేదు అంటే చాలు, పెళ్లి నిలబడుతుంది, ఆ తల్లి గుండె కుదుటపడుతుంది, వీళ్ల నోళ్లు మూతపడతాయి. అమ్మాయి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"అది ఆమెది. నేను చెప్పను" అన్నాను.

"అయితే రేపటి సంది షాపుకు రాకు."

"సరేనండీ. గోడ మీది సర్టిఫికెట్ కూడా రేపే తీసుకుపోతా."

ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది, లైసెన్సు ఎవరి మీద నడుస్తోందో. "నెలాఖరు దాక ఉండు" అని గొణిగాడు. ఆ మగతనానికో దండం!

అమ్మాయిని ఇంకోసారి అడిగారు. చెప్పనంది. చెప్పలేదంటేనే సంగతి తెలుస్తోందని ఓనర్ లేచాడు. ప్రధానం లేదు, పెళ్లి లేదు, గిట్లాంటి పిల్ల మాకొద్దు అన్నాడు. కమిటీలో ఒక్కరూ కాదనలేదు. తల్లి అక్కడే నేల మీద కూలబడింది. నేనూ ఆ అమ్మాయీ చెరో చెయ్యీ పట్టుకుని బయటికి నడిపించాం.

మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాం. గేటు బయట ఆటో ఆగి ఉంది. వెనక నుంచి ఓనర్ కొడుకు గబగబా వచ్చాడు. నాన్న చూస్తున్నాడేమోనని ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. క్షమించమని అడుగుతాడేమో, అంత బుద్ధయినా ఉందేమో అనుకున్నాను.

"ఒక్కమాట" అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేంత మెల్లగా. నాకూ వినబడింది. "పెండ్లి పోతే పోనీ గని, నిజం చెప్పు. నీకు ఏమొచ్చింది? ఎవరికీ చెప్ప. నాకు నాలుగు రోజుల సంది నిద్ర పడ్తలేదు."

అప్పుడు తెలిసింది నాకు, లోపల అంతసేపు జరిగిన పంచాయితీ దేని గురించో. ఆ పిల్ల శీలం గురించి కాదు. తండ్రికీ కొడుక్కీ కావలసింది ఒక్కటే, ఆమె గీతలు చూసి వీడి గీతలు చదువుకోవడం. నాకు చెప్పు తీసి కొట్టాలనిపించింది.

ఆమె అతన్ని పై నుంచి కింద దాకా చూసింది. బళ్లో అల్లరి పిల్లాణ్ని చూసినట్టే చూసింది.

"నా పేపర్ల చూసి నీ పరీక్ష రాద్దామనుకున్నవా? మా మూడో తరగతి పోరగాళ్లు గూడ గింత సిగ్గులేకుంట కాపీ కొట్టరు. పో. నీది నువ్వు రాసుకో."

తల్లిని ఆటోలో కూర్చోబెట్టి తనూ ఎక్కింది. అతను నా వైపు తిరిగి, "అక్కా, మీరన్న చెప్పున్రి" అన్నాడు. నేను చెప్పులు తొడుక్కుని, వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను.